మీ చాప్టర్ నంబరు ఎంత?

డిసెంబరు మొదటి శనివారం, అమెరికా తూర్పు తీరాన పొద్దు గూకే వేళ. 40 మీటర్ల బ్యాండ్, అంటే దాదాపు అంత పొడవున్న రేడియో తరంగాల పట్టీ, అప్పుడప్పుడే దూరాలు అందుకుంటోంది. గరగరల నడుమ ఒక పెద్దాయన గొంతు తాపీగా పిలుస్తోంది: “సీక్యూ, సీక్యూ, టెలిఫోన్ పయొనీర్స్...” సీక్యూ అంటే వింటున్నవాళ్లెవరైనా పలకండని పిలుపు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల నుంచి ఇంకో గొంతు తన కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తింపు పేరు, చెబుతుంది. “ఐదు తొమ్మిది, చాప్టర్ ముప్ఫై ఒకటి.” “అందింది. మీకూ ఐదు తొమ్మిదే. చాప్టర్ ఎనిమిది.” ఐదు తొమ్మిది అంటే మీ మాట స్పష్టంగా, బలంగా వినిపిస్తోందని. అంతే, పని అయిపోయింది. ఇద్దరూ లాగ్‌లో ఒక్కో వరుస రాసుకుంటారు. పెద్దాయన మళ్లీ సీక్యూ అందుకుంటాడు.

ఈ పోటీ పేరు టెలిఫోన్ పయొనీర్స్ క్యూఎస్ఓ పార్టీ. క్యూఎస్ఓ అంటే రెండు స్టేషన్లు ఒకదాన్నొకటి విని, బదులిచ్చుకుని, విన్నట్టు ఖాయం చేసుకోవడం. టెలిఫోన్ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లు, పనిచేసి రిటైరైనవాళ్లలో హామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లు, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, ఏడాదికోసారి గాలిలో ఒకరినొకరు వెతుక్కునే ఆట ఇది. హామ్‌ల భాషలో ఇలా మార్చుకునే సమాచారాన్ని ‘ఎక్స్ఛేంజ్’ అంటారు. జీవితమంతా ఎక్స్ఛేంజ్‌లో డ్యూటీ చేసి రిటైరైన మనిషి ఇంట్లో కూర్చుని మళ్లీ ఎక్స్ఛేంజే చేస్తున్నాడన్నమాట. ఈసారి మధ్యలో బోర్డు లేదు, తీగ లేదు, బిల్లు అసలే లేదు.

పాయింట్లు, గుణకాలు, ఫలితాల పట్టిక అన్నీ ఉన్నాయి కాబట్టి దీన్ని పోటీ అనక తప్పదు. కానీ కాస్త దగ్గరికెళ్లి చూస్తే ఇది హాజరు పట్టీలాగే కనిపిస్తుంది. ఎవరెవరు ఇంకా ఉన్నారు, ఏ ఊరి గుంపు నుంచి ఉన్నారు అన్నదే ఇక్కడ అసలు లెక్క.

పయొనీర్స్ అంటే ఎవరో చెప్పకపోతే ఆ చాప్టర్ నంబరు అర్థం కాదు. 1911 నవంబరులో బోస్టన్ నగరంలో, టెలిఫోన్ పుట్టిన తొలి రోజుల నుంచి పనిచేసినవాళ్లు కొందరు కలిసి టెలిఫోన్ పయొనీర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం పెట్టుకున్నారు. ‘బెల్ కంపెనీ’గా పేరుపడ్డ అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీకి అప్పటి అధిపతి థియొడర్ వేల్ తొలి అధ్యక్షుడు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ స్వయంగా సభ్యుడు. మొదట్లో ఇది పాత కాపుల కలయిక, అంతే. ఏళ్లకేళ్లు సర్వీసు ఉంటే తప్ప చేరనిచ్చేవారు కాదు. రానురాను అమెరికా, కెనడాల్లో లక్షల మంది సభ్యులతో సేవా సంఘంగా మారింది. ఒక్కో ప్రాంతానికి ఒక చాప్టర్, ఒక్కో చాప్టర్‌కు ఒక నంబరు. పోటీలో చెప్పేది ఆ నంబరే.

అమెరికా రాష్ట్రాల వారీగా జరిగే మామూలు క్యూఎస్ఓ పార్టీల్లో ఏ కౌంటీ నుంచి మాట్లాడుతున్నావో చెప్పాలి. మన లెక్కలో జిల్లా అనుకోండి. ఎన్ని వేర్వేరు కౌంటీలు దొరికితే అన్ని రెట్లు స్కోరు. ఇక్కడ కౌంటీ స్థానంలో చాప్టర్ కూర్చుంది. నేల మీది పటం తీసేసి ఉద్యోగుల పటం పరిచినట్టు.

డిసెంబరు మొదటి వారాంతం ఎంచుకోవడంలో తెలివీ ఉంది, తలనొప్పీ ఉంది. ఉత్తరార్ధగోళంలో అప్పుడు రాత్రులు దీర్ఘం. పగటిపూట అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను వంచి వెనక్కి పంపే పై వాతావరణం) కింది పొర 80, 40 మీటర్ల తరంగాలను మింగేస్తుంది. చీకటి పడగానే ఆ పొర పలచబడి ఖండం ఈ కొసనుంచి ఆ కొసకు దారి తెరుచుకుంటుంది. తలనొప్పి ఏమిటంటే, అదే వారాంతంలో అమెరికా హామ్‌ల జాతీయ సంఘం ఏఆర్ఆర్ఎల్ 160 మీటర్ల పోటీ పెడుతుంది. పెద్ద యాంటెన్నాలున్న వస్తాదులంతా అటే పోతారు. టెలిఫోన్‌వాళ్ల పార్టీ ఊరి జాతర పక్కన పెట్టుకున్న ఇంటి పేరంటం లాంటిది. వచ్చేది కొద్దిమందే, కాకపోతే వచ్చినవాళ్లంతా తెలిసినవాళ్లే.

హామ్ రేడియో అన్ని రకాల వృత్తులవాళ్లకూ ఉంది. డాక్టర్లు, రైతులు, మతగురువులు, అందరూ ఉన్నారు. మరి టెలిఫోన్ కంపెనీ ఉద్యోగులు ప్రత్యేకంగా ఒక పోటీ నడుపుకునేంత మంది ఎలా అయ్యారు? టంకం వేయడం చేతనైనవాళ్లు కాబట్టి అనేది తేలిక జవాబు. నిజమే గానీ అంతటితో ఆగితే అసలు కథ పోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం అమెరికన్ హామ్ రేడియో టెలిఫోన్ కంపెనీ పెరటి గుమ్మంలోంచి వచ్చిన సామాను మీద, దాని ప్రయోగశాలలో పుట్టిన ఆలోచనల మీద బతికింది.

అందులో నాకు ఎంతో ఇష్టమైనది 88 మిల్లీహెన్రీల కాయిల్ కథ. టెలిఫోన్ కేబుల్ పొడవు పెరిగేకొద్దీ తీగల మధ్య కెపాసిటెన్స్ పెరిగి గొంతులోని పదును హెచ్చు శ్రుతుల నుంచి అరిగిపోతుంది. ‘స’ పలికితే ‘ఫ’లా వినిపిస్తుంది. దానికి విరుగుడుగా 6,000 అడుగులకొకటి చొప్పున కేబుల్‌లో ఇండక్టెన్స్ కాయిల్ వేసేవారు. దాన్నే లోడింగ్ కాయిల్ అంటారు. గుండ్రటి ఉంగరంలాంటి కోరు మీద సన్నని రాగి తీగ, డజన్ల కొద్దీ ఒకదానిమీదొకటి పేర్చి ఇనుప డబ్బాలో పెట్టి మ్యాన్‌హోల్‌లో దించేవారు. దానితో మాట స్పష్టంగా వచ్చేది. కానీ మాటకు కావలసిన 3,400 హెర్ట్జ్ దాటితే ఏదీ అవతలికి పోదు. 1962లో బెల్ కంపెనీ డిజిటల్ టీ-వన్ లైన్లు మొదలుపెట్టాక ఈ కాపలాదారులే అడ్డమయ్యారు. ఒక్కో కేబుల్ నుంచి పీకేసి, అదే మ్యాన్‌హోల్‌లో రిపీటర్లు (సిగ్నల్‌ను మళ్లీ బలపరిచే పెట్టెలు) పెట్టారు. పీకేసిన కాయిళ్లు సర్‌ప్లస్ దుకాణాల్లో గుట్టలు పడ్డాయి.

ఆ గుట్టలను ఖాళీ చేసింది హామ్‌లు. రేడియో టెలిటైప్, అంటే టైపు చేసిన అక్షరాలను రేడియోలో స్వరాలుగా పంపడం, చేసేవాళ్లకు 2,125, 2,975 హెర్ట్జ్ అనే రెండు స్వరాలను విడదీసి పట్టుకునే ఫిల్టర్లు కావాలి. 88 మిల్లీహెన్రీల కాయిల్‌కు 0.068 మైక్రోఫారడ్ కెపాసిటర్ జోడిస్తే దాదాపు 2,050 దగ్గర మోగుతుంది. కెపాసిటర్ కొద్దిగా తగ్గిస్తే 2,125. సగానికి తగ్గిస్తే 2,975 దగ్గరికి పోతుంది. చౌకగా దొరికే కాయిల్‌తో కచ్చితమైన ఫిల్టర్ తయారు. ఒక తరం పాటు హామ్ పత్రికల్లో సర్క్యూట్ బొమ్మ వేస్తే కాయిల్ పక్కన ‘88 ఎంహెచ్’ అని రాస్తే చాలు, ఎక్కడ దొరుకుతుందో వివరించనక్కర్లేదు. ఆ ఫిల్టర్ అవతల ఖటఖటలాడే టెలిటైప్ యంత్రం కూడా అదే ఇంటిది. టెలిటైప్ కార్పొరేషన్ బెల్ కంపెనీ తయారీ విభాగమైన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కింద ఉండేది. సర్వీసు అయిపోయిన పాత మోడల్ 15 యంత్రాలు హామ్‌ల గరాజుల్లోకి చేరాయి. నూనె వాసనతో, ఇల్లంతా అదిరే చప్పుడుతో నిమిషానికి 60 మాటలు కొట్టేవి.

సామాను కన్నా ముందు వచ్చింది ఆలోచన. నేడు హామ్‌లు షార్ట్‌వేవ్ మీద మాట్లాడేది ఎక్కువగా సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో. గొంతును రేడియో తరంగం మీద ఎక్కిస్తే దానికి అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబాల్లా రెండు పట్టీలు పుడతాయి. రెండిట్లోనూ ఒకే సమాచారం. ఒకటి పంపితే చాలునని, మధ్యలోని క్యారియర్ (గొంతును మోసే అసలు తరంగం) కూడా అక్కర్లేదని 1915లో పేటెంటుకు దరఖాస్తు చేసింది ఏటీ అండ్ టీ ఇంజనీరు జాన్ కార్సన్. కంపెనీకి దానితో పని వేరు. ఒకే జత తీగల మీద అనేక సంభాషణలు ఒకదాని పక్కన ఒకటి సర్దాలి. 1927 జనవరి 7న న్యూయార్క్, లండన్ మధ్య మొదలైన రేడియో టెలిఫోన్ సర్వీసు కూడా ఇదే పద్ధతి మీద నడిచింది, మూడు నిమిషాలకు 75 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హామ్‌లు ఈ పద్ధతిని అందుకున్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోని క్యారియర్ గదిలో పగలంతా సైడ్‌బ్యాండ్‌లు సరిచేసే మనిషికి రాత్రి ఇంట్లో రేడియో విప్పితే అందులో కొత్త పాఠం లేదు. కొత్తగా నేర్చుకోవలసింది మిగతావాళ్లే.

సిగ్నల్ బలాన్ని కొలిచే డెసిబెల్‌లో ‘బెల్’ ఎవరో చెప్పక్కర్లేదు. 1932లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ ఆవరణలో కార్ల్ జాన్‌స్కీ సముద్రం దాటే టెలిఫోన్ మాటల్లో గోల ఎక్కడిదని వెతుకుతూ పాలపుంత నుంచి వచ్చే రేడియో శబ్దాన్ని పట్టాడు. ఫోను లైను మీద గరగర అని ఫిర్యాదు వస్తే మూలం కనుక్కోవడం టెలిఫోన్‌వాళ్ల దినచర్య. ఆయనకు అది నక్షత్రాల దాకా పోయింది.

ఇంత ఇచ్చిపుచ్చుకున్నా కంపెనీకీ హామ్‌లకూ ఒకచోట కుదిరేది కాదు. బెల్ కంపెనీ తన లైనుకు తన సామాను తప్ప మరేదీ తగిలించనిచ్చేది కాదు. ‘పరాయి పరికరం’ తగిలిస్తే నెట్‌వర్క్ చెడుతుందని వాదన. మౌత్‌పీస్‌కు తొడిగే హష్-ఎ-ఫోన్ అనే చిన్న గిన్నెలాంటి వస్తువు మీద కూడా అభ్యంతరం పెట్టింది. 1956లో కోర్టు ఆ అభ్యంతరం చెల్లదని తేల్చింది. హామ్‌లకు ఆ నిబంధన సూటిగా తగిలింది ఫోన్ ప్యాచ్ విషయంలో. రేడియోను ఇంటి టెలిఫోన్‌కు కలిపే చిన్న పెట్టె అది. వియత్నాం యుద్ధకాలంలో అక్కడి సైనికుడు సైనిక అనుబంధ రేడియో స్టేషన్ నుంచి మాట్లాడితే, అమెరికాలో ఒక హామ్ ఆ గొంతు పట్టి, తన ఇంటి ఫోన్ నుంచి వాళ్లమ్మకు కలిపేవాడు. రేడియోలో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. అందుకని ఆ తల్లి కూడా మాట పూర్తవగానే “ఓవర్” అనడం నేర్చుకోవాల్సి వచ్చేది. “అన్నం తింటున్నావా నాయనా, ఓవర్” అనే బాపతు సంభాషణ. స్విచ్ తిప్పేవాడు మధ్యలో ఉన్న హామ్. ప్రేమ మాటలైనా కంటతడైనా అతని చెవిలోంచే పోవాలి. అమెరికా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ అరిజోనా ఇంట్లోని స్టేషన్‌ నుంచి కూడా వేలాది ప్యాచ్‌లు నడిచాయి.

నిబంధన కచ్చితంగా అమలు చేస్తే ఆ పెట్టె నేరం. కంపెనీ పైకి చట్టం చదువుతూ కింద చూసీచూడనట్టు ఊరుకుంది. సైనికుడి తల్లికి వచ్చిన ఫోన్‌ను కోసేసిందన్న పేరు ఏ కంపెనీకీ అక్కర్లేదు కదా. ఆ పరాయి పరికరం తగిలించినవాళ్లలో కంపెనీ జీతం తీసుకునేవాళ్లూ లేకపోలేదని ఊహించడానికి పెద్ద తెలివి అవసరం లేదు. లైనుకు ఎంత వోల్టేజి ఇస్తే ఏమవుతుందో వాళ్లకన్నా బాగా ఎవరికి తెలుసు? చివరికి ఈ కోటకు బీట వేసింది రేడియోనే. టెక్సస్‌కు చెందిన థామస్ కార్టర్ చమురు క్షేత్రాల్లోని రెండువైపుల రేడియోలను టెలిఫోన్‌కు కలిపే కార్టర్‌ఫోన్ అమ్మేవాడు. 1968లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఆయన పక్షాన తీర్పిచ్చింది. నెట్‌వర్క్‌కు హాని లేనంతవరకూ ఎవరి పరికరమైనా తగిలించుకోవచ్చని తేలింది. తర్వాత ఫ్యాక్స్, ఆన్సరింగ్ మెషీన్, మోడెమ్ అన్నీ ఆ బీటలోంచే లోపలికి వచ్చాయి.

1984 జనవరి 1న ఏకంగా కంపెనీయే ముక్కలైంది. గుత్తాధిపత్యం కేసు ఒప్పందం ప్రకారం దాదాపు పది లక్షల ఉద్యోగులున్న బెల్ వ్యవస్థను విడదీసి, స్థానిక ఫోన్ల వ్యాపారాన్ని ఏడు ప్రాంతీయ కంపెనీలకు పంచారు. నిన్నటిదాకా ఒకే బ్యాడ్జి పెట్టుకున్నవాళ్లు తెల్లారేసరికి పోటీదార్లయ్యారు. తర్వాత ఆ ఏడూ ఒకదాన్నొకటి మింగుతూ వచ్చాయి. 2005లో ఆ ముక్కల్లో ఒకటైన ఎస్‌బీసీ తల్లి కంపెనీ ఏటీ అండ్ టీని కొని, తల్లి పేరే పెట్టుకుంది. ఒకే కుర్చీలో ముప్ఫై ఏళ్లు కూర్చున్న మనిషి జీతం చీటీ మీద నాలుగు కంపెనీల పేర్లు చూసి ఉంటాడు. పయొనీర్స్ సంఘం మాత్రం కంపెనీ గోడల వెంట చీలిపోలేదు. కాబట్టి ఆ శనివారం సాయంత్రం రేడియోలో “నువ్వు ఏ కంపెనీ?” అని ఎవరూ అడగరు. అడిగితే జవాబుకు ఇరవై సెకన్లు చాలవు. “చాప్టర్ ఎంత?” అంటే మాత్రం ఒక్క అంకె.

ఇది అమెరికాకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. జర్మనీలో హామ్‌ల స్థానిక శాఖలకు అక్షరం, అంకెలతో ఒక కోడ్ ఉంటుంది, పోటీల్లో దాన్నే మార్చుకుంటారు. తపాలా, టెలిఫోన్ శాఖ ఉద్యోగుల సంఘం వీఎఫ్‌డీబీ సభ్యుల కోడ్ ‘జడ్’ అక్షరంతో మొదలవుతుంది. 1995లో అక్కడి ప్రభుత్వ శాఖ టెలికం, తపాలా, బ్యాంకు అని మూడు కంపెనీలైంది. సంఘం తన పేరు మార్చుకుంది గానీ జడ్ వదల్లేదు. ఐరోపా రైల్వే ఉద్యోగుల హామ్‌లకు కూడా ఫిరాక్ అనే సమాఖ్య, దాని పోటీలు ఉన్నాయి. తీగలూ స్తంభాలూ సిగ్నళ్లూ చూసుకునే ఉద్యోగాలకు ఈ జబ్బు త్వరగా అంటుకుంటుందేమో.

మన దగ్గర? ‘తంతి తపాలా శాఖ’ అనే మాట విన్నవాళ్లకు ఆ ఉద్యోగుల కుటుంబ వాతావరణం కొత్త కాదు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కాచుకున్న రోజుల్లో ఎక్స్ఛేంజ్ ఆపరేటర్లు గొంతును బట్టే ఏ ఊరిలో ఎవరున్నారో గుర్తుపట్టేవారు. తంతి విభాగంలో మోర్స్ కొట్టిన చేతులకు హామ్ పరీక్ష మోర్స్ పేపర్ లెక్కలోది కాదు. 2000 అక్టోబరులో శాఖ నుంచి బీఎస్ఎన్ఎల్ విడివడింది. 2013 జూలైలో టెలిగ్రామ్ ఆగిపోయింది. 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని బయటికొచ్చారు. ఇలాంటి పార్టీకి కావలసిన ముడిసరుకు అదే. పాత సర్కిల్, ఎస్‌ఎస్‌ఏ (శాఖలో జిల్లా స్థాయి విభాగం) పేర్లు చాప్టర్ నంబర్ల లాగే వాడుకోవచ్చు. లోటల్లా లైసెన్సున్న హామ్‌లదే. అమెరికాలో ఏడు లక్షలకు పైగా ఉంటే మన దేశంలో వాళ్లు బహు తక్కువ.

తెలుగు నేలకు హామ్ రేడియోతో ఉన్న గట్టి ముడి హైదరాబాద్‌లోనే ఉంది. 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరినో ఈ విద్యలోకి దించింది. 2004 డిసెంబరులో దాని బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌లో ఉంది. ఏళ్ల తరబడి ఆ దీవుల నుంచి హామ్ సిగ్నల్ లేదు కాబట్టి ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు పోర్ట్‌బ్లెయిర్‌తో ఒక్క క్యూఎస్ఓ కోసం ఎగబడుతున్నారు. అచ్చం పోటీలాగే: కాల్‌సైన్, ఐదు తొమ్మిది, తర్వాతివాళ్లు. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. టెలిఫోన్లు పడిపోయాయి. నిన్నటిదాకా లాగ్‌లో వరుసలు నింపిన అదే రేడియో బంధువుల క్షేమ సమాచారాలు మోసింది. ఒకే శ్వాసలో కాల్‌సైన్ పట్టి, తప్పు లేకుండా రాసి, తర్వాతివాళ్లను పిలవడం పోటీల్లో అబ్బిన చేతి నేర్పు. అక్కడ దానికి మారకం విలువ వచ్చింది.

టెలిఫోన్ పయొనీర్ల చేతి నేర్పు మరోచోట ఖర్చయింది. అమెరికా జాతీయ గ్రంథాలయం చూపులేనివాళ్లకు ఇచ్చే టాకింగ్ బుక్ యంత్రాలను 1960 నుంచి వాళ్ల వలంటీర్లు ఉచితంగా బాగుచేస్తూ వచ్చారు. బంతిలో బీప్ శబ్దం పెట్టి చూపులేనివాళ్లు బేస్‌బాల్ ఆడేలా చేసింది కూడా 1964లో కొలరాడోకు చెందిన ఒక టెలిఫోన్ ఇంజనీరే. పాత టంకం కడ్డీ చల్లారనివ్వడం వాళ్లకు ఇష్టం ఉండదు.

పోటీ విషయానికొస్తే, పెద్ద పోటీల్లో మర్యాదలకు సమయం ఉండదు. వరుసలో పదిమంది కాచుకుని ఉంటే “థాంక్యూ” అన్న మాటే ఖరీదు. టెలిఫోన్‌వాళ్ల పార్టీలో ఆ రద్దీ లేదు. ఒకే స్టేషన్‌ను ఒకే బ్యాండ్‌లో రెండోసారి పలకరిస్తే దాన్ని డూప్ అంటారు, సున్నా పాయింట్లు. అయినా ఆదివారం రాత్రి బ్యాండ్ మూగబోయి, కొత్త చాప్టర్లేవీ దొరకనప్పుడు, నిన్న మాట్లాడిన గొంతే మళ్లీ వినిపిస్తే మీట నొక్కడానికి అడ్డేమీ లేదు. చివర చెప్పే ‘సెవెంటీ త్రీ’ అనే వీడ్కోలు కూడా హామ్‌లు కనిపెట్టింది కాదు, పందొమ్మిదో శతాబ్దపు తంతి ఆపరేటర్లు తీగ మీద కొట్టుకున్న అంకె. డూప్‌కు సున్నా వేసే కంప్యూటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, లాగ్‌లో దానికి గడి కూడా లేదు.